గురువుగారికి కోపం రాలేదా?

మా అమ్మాయి ఆరో తరగతి. ఇక్కడ న్యూజెర్సీ బడిలో ప్రాచీన గ్రీసు పాఠం చెబుతున్నారు. మొన్న రాత్రి అన్నాల దగ్గర, "నాన్నా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో. పెదాలు బిగించి ఊదు. ఇప్పుడు నోరు తెరిచి హా అను" అంది. ముందు చల్లగా తగిలింది, తర్వాత వెచ్చగా. మా అమ్మ వేడి పాలు ఊది చల్లార్చేది. చలికాలంలో నేను ఈ పిల్ల వేళ్ళు వెచ్చబెట్టేదీ నోటి గాలితోనే. రెండూ ఒక్క నోటి పనే అని నాకెప్పుడూ తట్టలేదు.

రెండున్నర వేల ఏళ్ళ కిందట అనాక్సిమెనీస్ అనే గ్రీకు తత్వవేత్తకు తట్టింది. అన్నిటికీ మూలం గాలేనని, అది బిగిస్తే చల్లబడి నీరు, మట్టి, రాయి అవుతుందని, పలచబడితే నిప్పు అవుతుందని ఆయన లెక్క. ఊదితే చల్లగా ఉండడానికి అసలు కారణం వేరు. ఊదిన వేగానికి చుట్టూ ఉన్న చల్లగాలి కూడా వచ్చి కలుస్తుంది. అయినా ఎవరి చేతి మీద వాళ్ళు చూసుకోగలిగే రుజువు చూపించాడు. నాకది ఎంతో నచ్చింది.

ఆయనది మిలేటస్. ఇప్పటి టర్కీలో ఉంది. ఆ ఊరివాడే, ఆయనకంటే ముందటి తత్వవేత్త థేలీస్, భూమి నీటి మీద తేలుతోందన్నాడు. థేలీస్ శిష్యుడని జనం చెప్పుకునే అనాక్సిమాండర్ ఒప్పుకోలేదు. భూమి దేనిమీదా ఆనలేదు, అన్ని వైపులా సమాన దూరంలో ఉంది కనుక ఎటూ పడదన్నాడు.

"మరి గురువుగారికి కోపం రాలేదా?" అంది పిల్ల.

నాకు ముద్ద దిగలేదు. ఆ మధ్య గ్రహణం రోజు, "ఎందుకు తినకూడదు తాతయ్యా?" అని అది వీడియో కాల్‌లో గుచ్చి గుచ్చి అడిగితే, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకని కసిరి ఫోన్ లాక్కున్నాను. అంత దూరాన ఉన్న నాన్న మనసు నొచ్చుకుంటుందని నా టెన్షన్.

ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అడగనీరా. మా నాన్న తినొద్దన్నాడు, నేను మానేశాను. ఎందుకని నేనే అడగలేదు" అన్నాడు. తర్వాత మనవరాలిని పిలిచి, ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్పిన పనే చెప్పాడు: "గ్లాసు నీళ్ళలో ఉప్పు వేసి రాత్రంతా ఉంచు తల్లీ. పొద్దున ఆ ఉప్పు తీసి నాకు చూపించు. కనపడకపోతే పైన, మధ్యన, అడుగున రుచి చూసి చెప్పు."

తెల్లారి నేను లేచేసరికి పిల్ల స్ట్రా పట్టుకుని గ్లాసు ముందు నిలబడి ఉంది.