ఇరవై అయిదు మొనల కాగితపు నక్షత్రం

గుంటూరు జిల్లాలోని మా ఊరిలో డిసెంబరు నెల వస్తున్నదంటే నాన్నగారు వెదురు బద్దలు చీల్చి నీడన ఆరబెట్టేవారు. అయిదు బద్దలతో ఒక చుక్క, అదే కొలతతో ఇంకొక చుక్క కట్టి, రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి, అయిదు కొసల వద్ద దారంతో గట్టిగా బిగించి, నడుమనున్న అయిదు మూలల్లో బెత్తెడేసి పుల్లలు నిలబెట్టేవారు. ఆ పుల్లలు నిలబడగానే, అంతవరకు చాపలా చదునుగా ఉన్న చుక్క రెండు వైపులా ఉబ్బి కడుపు కలిగిన నక్షత్రమయ్యేది. దానిపై గాలిపటాల కాగితం అంటించడానికి మా అమ్మ మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేది. కాగితపు అలంకరణకు లోతు ఎంత అవసరమో నాకు మొదట తెలిసింది ఆ పుల్లలు నిలబెట్టినప్పుడే.

కొన్నేళ్ళుగా నేను ప్రతి క్రిస్మస్‌కూ చేస్తున్నది మరొక నక్షత్రం. దాని పుట్టిల్లు జర్మనీలోని సాక్సనీ ప్రాంతం. ఇప్పటి చెక్ దేశంలోని మొరేవియా నుంచి వలస వచ్చిన ప్రొటెస్టెంట్లు 1722లో హెర్న్‌హూట్ అనే ఊరు కట్టుకున్నారు. వారి సంఘానికే చెందిన నీస్కీ పాఠశాలలో, 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, పిల్లలకు క్షేత్రగణితం బోధించే క్రమంలో ఈ నక్షత్రం పుట్టిందని చెబుతారు. సంఘం నడిపిన బడులలో, మిషనరీలుగా దూరదేశాలలో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. క్రిస్మస్‌కు ముందు వారాలైన ఆగమన కాలపు మొదటి ఆదివారం నాటికి ఇటువంటి నక్షత్రాలు చేసి వేలాడదీయడం వారికి ఆనవాయితీ అయింది. నీస్కీలోనే చదువుకున్న పీటర్ వెర్‌బేక్ ఆ శతాబ్దం చివరి కాలంలో తన పుస్తకాల దుకాణంలో వీటిని అమ్మడం మొదలుపెట్టాడు. అమ్మానాన్నలకు దూరంగా ఉన్న పిల్లలు చలికాలపు సాయంత్రాలలో స్కేలు, కత్తెర పట్టుకుని కూర్చున్న దృశ్యం, నేను కాగితం ముందు కూర్చున్న ప్రతిసారీ గుర్తుకొస్తుంది.

ఈ నక్షత్రపు రహస్యమంతా దాని లోపల కనబడకుండా ఉన్న ఒక ఘనాకృతిలో ఉంది. దానికి 18 చతురస్రపు ముఖాలు, 8 త్రిభుజపు ముఖాలు, మొత్తం 26 ఉంటాయి. గణితంలో దానిని రాంబిక్యూబాక్టాహెడ్రన్ అంటారు. ఒక్కొక్క ముఖంపై ఒక్కొక్క మొన నిలుస్తుంది. పైనున్న చతురస్రాన్ని మాత్రం బల్బు దించడానికి, వేలాడదీయడానికి వదిలివేస్తారు కనుక 17 నాలుగు పలకల మొనలు, 8 మూడు పలకల మొనలు కలిపి 25 మిగులుతాయి. నాన్నగారి నక్షత్రాన్ని పక్కనుంచి చూస్తే సన్నని కదురులా కనిపించేది. దీనిని వీధి చివర నుంచి చూసినా, డాబా మీద నుంచి చూసినా నక్షత్రంగానే కనిపిస్తుంది.

నేను చేసే పద్ధతిలో లోపల వేరే చట్రం అవసరం లేదు. ఒక గట్టి అట్టముక్కకు 15 సెంటీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు చేసి, ఒకదానిలో గుండుసూది గుచ్చి, రెండవదానిలో పెన్సిల్ మొన ఉంచి చార్టు కాగితంపై చాపం గీస్తాను. తరువాత వృత్తలేఖినిని 6 సెంటీమీటర్లకు తెరిచి, ఆ చాపం మీద వరుసగా నాలుగు అడుగులు వేసి, ప్రతి గుర్తునూ కేంద్రంతోనూ పక్క గుర్తుతోనూ సరళరేఖలతో కలిపితే నాలుగు పలకల మొన తయారు. మూడే అడుగులు వేస్తే మూడు పలకల మొన. పక్కన ఒకటి, అడుగున పలకకొకటి చొప్పున సెంటీమీటరు వెడల్పు అతుకు పట్టీలు వదిలి, అడుగు పట్టీల కొసలను ఏటవాలుగా కోయాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో, స్టీలు స్కేలు ఆనించి గీత నొక్కిన తరువాతే మడవాలి. నొక్కకుండా మడిచిన చార్టు పగులుతుంది, ఆ పగులు రాత్రి దీపం వెలిగించినప్పుడు తెల్లని గీతగా బయటపడుతుంది.

మొదటి సంవత్సరం నా నక్షత్రం కుదరలేదు. నాలుగు పలకలవాటిని ఒక రోజు ఒక అట్టతో, మూడు పలకలవాటిని ఇంకొక రోజు వేరే అట్టతో కోశాను. రెండింటి అడుగు కొలతల మధ్య మిల్లీమీటరు కంటే ఎక్కువ తేడా ఉండి ఉండదు. నడుమ వరుసలోని ఎనిమిది మొనలు చక్కగా వలయంగా కలిశాయి కానీ, వాటిపైన నాలుగు చతురస్రాలు, నాలుగు త్రిభుజాలు మార్చి మార్చి అతికేసరికి అతుకులు నోళ్ళు తెరిచి మొనలు వంకరపోయాయి. ఆ రాత్రి చాలాసేపు దానిని విప్పుతూ కూర్చుని ఒక సంగతి గ్రహించాను. అన్ని మొనలూ మిల్లీమీటరు పెద్దవైతే నష్టమేమీ లేదు, నక్షత్రం కాస్త పెద్దదవుతుంది, అంతే. కొన్ని మాత్రమే పెద్దవైతే అది ఎన్నటికీ మూసుకోదు. అప్పటి నుంచి 25 మొనలనూ ఒకే అట్టముక్కతో, మధ్యలో వృత్తలేఖినిని కదల్చకుండా, ఒకే రోజున గీస్తున్నాను.

అతికే వరుస కూడా ముఖ్యమే. ముందు నడుమ వలయం, తరువాత కింది వరుస, ఆపైన అట్టడుగు మొన, చివరగా పై వరుస. పక్కపక్క మొనల పట్టీలు లోపలి వైపు ఒకదానికొకటి ఆనుకుంటాయి కనుక, జిగురు ఆరే వరకు బట్టల క్లిప్పులు పెట్టి ఉంచవచ్చు. ఆఖరి మొనకు వచ్చేసరికి చేయి దూరదు. వదిలిన ఆరు సెంటీమీటర్ల కన్నంలోంచి రెండు వేళ్ళు దించి పట్టీలను నొక్కి పట్టుకోవాలి. తొందరపడితే ఎదురు మొన నలిగిపోతుంది.

దీపం విషయంలో చిన్న ఎల్‌ఈడీ బల్బు మాత్రమే వాడండి. పాత తీగ బల్బుల వేడికి నాన్నగారి నక్షత్రంలో కాగితం గోధుమరంగుకు తిరగడం చూశాను. తెల్లవారుజామున మంచుకు తడిసిన కాగితం సాగిపోతుంది కనుక, మాకు ఆరుబయట కంటే వరండా కప్పు కిందనే మేలు.

ఈ నక్షత్రం మొనకొస నుంచి మొనకొస వరకు సుమారు 43 సెంటీమీటర్లు ఉంటుంది. జనవరి 6న దించిన తరువాత దానిని మడిచి దాచడం కుదరదు, అంత పెద్ద పెట్టె కావాలి. అందుకని మా ఇంట్లో అది పాత గుడ్డలో చుట్టుకుని అటకపై ఉంటుంది. ఈ ఏడాది ఎనిమిది మూడు పలకల మొనలను చార్టుకు బదులు ట్రేసింగ్ కాగితంతో చేస్తున్నాను. అయిదు పూర్తయ్యాయి, ఒకదానిలో సెల్‌ఫోన్ లైటు పెట్టి చూస్తే, మడత గీతలు తప్ప మిగిలినదంతా వెన్నెల రంగులో వెలిగింది.