లారీ ముందు నేను మైనర్‌నే

సియెర్రా ఆన్‌లైన్ సంస్థ 1987లో విడుదల చేసిన ‘లెజర్ సూట్ లారీ’ కంప్యూటర్ ఆటల్లో మొదటిదాన్ని ఎట్టకేలకు ఆడాను. మనం పెద్దవాళ్లమో కాదో తేల్చుకోవడానికి అది ముందుగా అమెరికా పాత రాజకీయాల మీద, టీవీ కార్యక్రమాల మీద ప్రశ్నలు వేస్తుంది. జుట్టు నెరిసిన నేను ఆ పరీక్షలో మైనర్‌నని తేలిపోయాను. తెల్ల సూటు వేసుకుని తోడు కోసం తిరిగే లారీ అనే నడివయసు బ్రహ్మచారి కథలో వెకిలితనానికి కొదవ లేకపోయినా, రూపకర్త ఆల్ లో ఎక్కువగా నవ్వించేది ఆ లారీ అమాయకత్వం మీదనే. పాపం, రోడ్డు దాటబోయినా టాక్సీ గుద్ది చంపేస్తుంది! ఆఫీసులో ఆడుతుండగా పై అధికారి వస్తే నొక్కడానికి ప్రత్యేకంగా ఒక మీట పెట్టి, తెర మీద గ్రాఫు కనిపించేలా చేయడం నాకు మరీ నచ్చింది. 1991 నాటి కొత్త రూపంలో మౌస్ నొక్కితే చాలు గాని, ఆదేశాలు టైపు చేసి చీవాట్లు తినే పాత పద్ధతికే నా ఓటు.