అద్దె ఎంత అప్పు మోస్తుంది?

గోదావరి డెల్టాలో భీమవరం, పాలకొల్లు, తణుకు వంటి ఊళ్లలో ఉద్యోగస్తులు గానీ, కొబ్బరి తోట మీదనో చేపల చెరువు మీదనో నాలుగు డబ్బులు వెనకేసుకున్నవారు గానీ స్థలం కొని రెండు వాటాల డాబా వేయాలనుకున్నప్పుడు వేసే లెక్క ఒకటే: అద్దె ఇంత వస్తుంది, బ్యాంకు వాయిదా ఇంత, తేడా మనం వేసుకుంటే ఇరవై ఏళ్లకు ఇల్లు మనదవుతుంది. అద్దె పన్నెండు నెలలూ పూర్తిగా చేతికి వస్తుందన్న ఊహ ఇందులో దాగి ఉంది. ఆ ఊహ మీద ఎవరూ అప్పు చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

30 లక్షల గృహరుణం 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా 26,035 రూపాయలు. మొదటి వాయిదాలో 21,250 వడ్డీకే పోతుంది. వాటాకు తొమ్మిది వేల చొప్పున నెలకు 18,000 అద్దె వస్తుందనుకుందాం. అయితే ఒక కుటుంబం ఖాళీ చేశాక గోడలకు రంగు వేయించాలి, కుళాయిలు బాగు చేయించాలి; ఈలోగా ఆషాఢమో శూన్యమాసమో వస్తే కొత్తవారు పాలు పొంగించుకోవడానికి మంచిరోజు దాకా ఆగుతారు. అందుకని ఏడాదికి పది నెలల అద్దె, అంటే 1,80,000 మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. అందులోంచి ఇంటి పన్నుకు 6,000, మరమ్మతులకు 30,000 తీసేస్తే మిగిలేది 1,44,000, నెలకు 12,000. ఆ సొమ్ము అదే వడ్డీకి, అదే గడువుకు మోయగలిగిన అప్పు 14 లక్షల లోపే. మిగతా 16 లక్షల భారం జీతం మీదో పంట మీదో పడుతుంది.

మరమ్మతులకు అంత ఎందుకని మెట్ట ప్రాంతాల వారు అడగవచ్చు. ఇక్కడి నల్లరేగడి వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. పల్లపు చేనునో పూడ్చిన చెరువునో మెరక చేసి, ఆ మట్టి దిగక ముందే పునాది వేస్తే రెండు మూడేళ్లలో కిటికీల మూలల నుంచి బీటలు మొదలవుతాయి. తీరం వైపు ఊళ్లలో బోరు నీరు ఉప్పన. ఆ నీటితో కట్టిన గోడను మోకాలి ఎత్తున వేలితో గీకి చూడండి, తెల్లని పొడి రాలుతుంది, దాని వెనకే ప్లాస్టరింగు పెచ్చులుగా ఊడివస్తుంది. పైన రంగు వేసి దాచినా మరుసటి వర్షాకాలానికి మళ్లీ పొంగుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీళ్లకు ఇబ్బంది మొదలై, “మోటారు వేసినా నీళ్లు ఎక్కడం లేదండి” అని పై వాటా వారు కబురు చేస్తారు. స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (స్థలం మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) చూసినంత శ్రద్ధగా ఆ వీధిలో పదేళ్ల కిందట కట్టిన ఇళ్ల గోడల అడుగుభాగం కూడా చూడాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మార్జిన్ సొమ్ము, అంటే ఇంటి విలువలో మనం చేతి నుంచి పెట్టుకోవాల్సిన వాటా. ఇంటి విలువ మొత్తానికి బ్యాంకు అప్పివ్వదు. 30 లక్షల వరకు రుణాలకు విలువలో 90 శాతం, అది దాటి 75 లక్షల వరకు 80 శాతం రిజర్వు బ్యాంకు పెట్టిన పైహద్దులు. ఆ తక్కువ పడ్డదాన్ని చాలామంది ప్రోనోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. ఏడాదికి అది 24 శాతం. మూడు లక్షలు తెస్తే నెలకు 6,000. అద్దెలో మిగిలిందని చెప్పుకున్న 12,000లో సగం ఇక్కడే పోయింది. ప్రోనోటు అప్పు తీరదు, నోటుకు కాలదోషం పట్టకుండా మూడేళ్లు నిండకముందే తిరగరాస్తూ పోతారు. దానికన్నా ఒకే వాటా వేసుకొని, పై అంతస్తు డబ్బు కూడాక కట్టుకోవడం ఎంతో మేలు.

ఆదాయపు పన్నులో కొంత ఊరట ఉంది. వచ్చిన అద్దెలోంచి, మనం కట్టిన ఇంటి పన్ను పోగా, 30 శాతం ఖర్చుల కింద బిల్లులు అడగకుండానే తగ్గిస్తారు. ఆపైన అప్పు వడ్డీ తీసివేసుకోవచ్చు. మొదటి ఏళ్లలో వడ్డీయే ఎక్కువ కాబట్టి లెక్క నష్టంలో తేలుతుంది. పాత పన్ను విధానంలో ఆ నష్టాన్ని ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు, కొత్త విధానంలో ఆ వీలు లేదు.

అద్దె ఒప్పందం తెలిసినవారికైనా కాగితం మీద రాయాలి. కేంద్ర చట్టం ప్రకారం ఏడాది మించిన ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుకనే పదకొండు నెలలకు రాసుకునే వాడుక వచ్చింది; ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణ తర్వాత గడువు ఎంతైనా రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. రంగులు, మోటారు, సెప్టిక్ ట్యాంకు ఖర్చు ఎవరిదో అందులోనే తేల్చుకోవాలి.

మన ప్రాంతంలో డబ్బు నెలనెలా కాక పంటకోసారి ముద్దగా వస్తుంది. మారే వడ్డీతో వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినా బ్యాంకు జరిమానా వేయకూడదు కాబట్టి, దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు చేతికి రాగానే కొంత అసలుకు జమ చేయవచ్చు. అప్పుడు గడువు తగ్గించుకోమని అందరూ చెబుతారు, వడ్డీ కలిసొచ్చేది అందులోనే. అయినా అద్దె ఇంటి అప్పు విషయంలో వాయిదా పన్నెండు వేలకు దిగేదాకా వాయిదానే తగ్గించమని బ్యాంకుకు రాసివ్వాలంటాను, ఆ తర్వాత కట్టే ప్రతి రూపాయినీ గడువు మీదికి మళ్లించవచ్చు.