పత్రిపూజలో చుట్టరికాలు

వినాయక చవితినాడు ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఏ తెలుగు వీధికి వెళ్ళినా ఇంటింటా ఒకే గొంతు వినిపిస్తుంది. ఫోనులో వ్రతకల్పం మోగుతూ ఉంటుంది, యజమాని దాని వెనకాలే అక్షతలు వేస్తూ ఉంటాడు, పిల్లలు ఉండ్రాళ్ళ పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంటారు. సంకల్పంలో ఆ గొంతు “కృష్ణా గోదావర్యోః మధ్యప్రదేశే”, అంటే కృష్ణా గోదావరుల నడుమ ఉన్నానని పలికితే, మహేంద్రతనయ నది ఒడ్డున కాపురముంటున్న ఈయన కూడా మారు ఆలోచన లేకుండా అదే అనేస్తాడు. గోదావరికి ఇంత ఉత్తరాన ఉన్నవాళ్ళం “గంగా గోదావర్యోః” అని చెప్పుకోవాలని మన పెద్దలు నేర్పలేదా? తన ఉనికినే దేవుడికి తప్పుగా విన్నవించుకునే తండ్రి పక్కన కూర్చున్న బిడ్డకు మంత్రం మీద గురి ఎలా కుదురుతుంది?

అది అలా ఉంచుదాం. నాకు ప్రాణప్రదమైనది ఆ తరువాత వచ్చే పత్రిపూజ. 21 నామాలు, 21 ఆకులు. ఒక్కొక్క నామానికి ఒక్కొక్క ఆకు. మూడవ నామం ఉమాపుత్రుడు, దానికి మారేడు. అయిదవది హరసూనుడు, దానికి ఉమ్మెత్త. ఏడవది గుహాగ్రజుడు, దానికి ఉత్తరేణి. గజాననుడనీ లంబోదరుడనీ రూపాన్ని వర్ణించే నామాల నడుమనే స్వామిని మొదట అమ్మ కొడుకుగా, పిదప నాన్న కొడుకుగా, ఆపైన తమ్ముడికి అన్నగా పిలుస్తున్నాం. అమ్మ పేరుతో పిలిచినప్పుడు చేతిలో ఉన్నది నాన్నకు ఇష్టమైన మారేడుదళం కావడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ ఇంట్లో ఎవరి ప్రేమ ఎవరి పేరిట అందుతోందో చూడండి!

మా మనవడు ఒడియా బడిలో చదువుతాడు, తెలుగు ఇంట్లోనే వింటాడు. మొన్నటి చవితికి పత్రి అందించే పని వాడికి అప్పగించాను. తుమ్మెదలా ప్రతి ఆకు దగ్గరా ఆగుతూ, ఆడుకునేటప్పుడు లాగుకు అంటుకునే గింజల మొక్కే ఉత్తరేణి అని తెలిసి నవ్వాడు. గుహుడంటే కుమారస్వామి అనీ, అగ్రజుడంటే అన్న అనీ చెప్పగానే, పక్కనే పాకుతున్న తమ్ముడి వంక చూసి, “అయితే తాతయ్యా, నేనూ అగ్రజుణ్ణేగా!” అన్నాడు. ఆ రోజంతా తమ్ముడు ఏడ్చినప్పుడల్లా “అగ్రజుడు వస్తున్నాడు” అంటూ పరుగెత్తాడు. తులసి దగ్గరకు వచ్చేసరికి మాత్రం నన్ను నిలదీశాడు: “వినాయకుడికి తులసి పెట్టకూడదన్నావు కదా?” ఈ ఒక్క పూజలో దోషం లేదని చెబితే, ఊరుకోకుండా ఎందుకో చెప్పమన్నాడు. అలా అడిగే పిల్లవాణ్ణి “నోరు మూసుకుని దండం పెట్టు” అని కసరడం కంటే అపచారం వేరే ఉందా?

సంతలో కట్టగా కొన్న పత్రిలో ఏ ఆకు ఏదో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. కొండ దిగి వచ్చే సవర గిరిజన స్త్రీలను అడగండి, వారికి ఆకులు తెలుసు. సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకుని, వారి పిల్లలకు వాచకాలు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. ఒక ఆకు పేరు అడగడానికి మనకు నామోషీ దేనికి?

ఈ చవితికి ఫోను కట్టేయండి. తెల్లవారుజామున పిల్లలను వెంటబెట్టుకుని దొరికినన్ని ఆకులు మీరే కోసుకురండి, నామం మీరు చదవండి, ఆకు వారి చేత వేయించండి, అడిగినంతా చెప్పండి, పూజ మధ్యాహ్నమైనా ఫరవాలేదు. దేవదారు మన వైపు దొరకదు కనుక అక్కడ అక్షతలు వేయించండి. కానీ “సర్వేశ్వరాయ నమః, దేవదారుపత్రం పూజయామి” అని పిల్లల నోట పూర్తిగా పలికించిన తరువాతే పక్క నామానికి వెళ్ళండి.