రెండు నీలం పాస్‌పోర్టులు

శనివారం. ఉగాదికి ఇంకో ఐదు రోజులు.

పొద్దున ఆరింటికి లేచి, లైటు వేస్తే మా ఆవిడకి మెలకువ వస్తుందని (నర్సు, నిన్న రాత్రి పదింటికి డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది) చీకట్లోనే డ్రాయర్లో చెయ్యి పెట్టి పాస్‌పోర్టు వెతికితే రెండు తగిలాయి. హాల్లోకి తెచ్చి చూసుకున్నాను. రెండూ ముదురు నీలమే. ఒకదాని మీద సింహాలు, అది మన ఇండియాది; ఒకదాని మీద కంగారూ, ఈమూ, అది కొత్తగా వచ్చిన ఆస్ట్రేలియాది. సింహాలది ఇవాళ సరెండర్‌కి పంపాలి. ఈ మాట అనుకోవడం ఇది నాలుగో శనివారం.

ఫారాలు నింపేశాను. ఓసీఐకి (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు) చదరం ఫోటో కావాలంటే అదీ దిగాను, ఫోటో షాపులో మూడుసార్లు తీస్తే గానీ కుదర్లేదు. ఫీజు కట్టేశాను. మిగిలింది కాపీల మీద జేపీ (జస్టిస్ ఆఫ్ ది పీస్) సంతకం, ఒక కవరు, పోస్టాఫీసు. ఇంత చిన్న పనికి నెల పట్టిందంటే మా ఆవిడ నవ్వుతోంది. తనది వచ్చిన వారంలోనే పంపేసింది. "నీకేమీ అనిపించలేదా?" అంటే, "ఇంటిపేరు మార్చుకున్నదాన్ని, నాకిది రెండోసారి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆస్ట్రేలియా పౌరసత్వ ప్రమాణం జనవరి 26న అయింది. ఇక్కడ అది ఆస్ట్రేలియా డే, 1788లో ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ తీరంలో బ్రిటిష్ జెండా ఎత్తిన రోజు. మనకేమో రిపబ్లిక్ డే. అంటే మన రాజ్యాంగం అమల్లోకొచ్చిన తారీఖునే నేను భారత పౌరుణ్ణి కాకుండా పోయాను. ఎవరైనా కథలో ఇలా రాస్తే మరీ అతిగా ఉందని పక్కన పడేస్తాను, కానీ కౌన్సిల్ వాళ్ళ ఉత్తరంలో ఆ తేదీయే ఉంది మరి. ఇక్కడి ఆదివాసులు చాలామంది ఆ రోజుని దండయాత్ర రోజంటారు, నగరంలో ఊరేగింపు తీస్తారు. మా హాల్లో మాత్రం ఆ నేల తాలూకు మనుషుల్లో ఒక పెద్దావిడ వచ్చి మా అందరికీ స్వాగతం చెప్పింది. తమ నేల పోయిన రోజున ఇంకో వందమందిని రమ్మనడానికి ఆవిడకి మనసెలా ఒప్పిందో! నాకు ఆ రోజు గుర్తుండిపోయింది ఆవిడ గొంతే, మేయర్ ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తులేదు.

ప్రమాణం రెండు రకాలు, దేవుడున్నది ఒకటి, లేనిది ఒకటి. నేను దేవుడున్నదే చదివాను. ఏ దేవుడని వాళ్ళు అడగలేదు, నేను మనసులో తిరుపతి వైపు ఒక దండం పెట్టుకున్నాను. ఒకే ఒక్క వాక్యం. ఆస్ట్రేలియాకీ ఇక్కడి ప్రజలకీ విధేయుడిగా ఉంటాను, చట్టాలకి కట్టుబడతాను, అంతే. పాతది వదులుకో అని అందులో ఎక్కడా లేదు. వీళ్ళకి రెండు పౌరసత్వాలున్నా అభ్యంతరం లేదు, ఇక్కడి వాళ్ళు ఇంకో దేశానిది తీసుకున్నా 2002 నుంచి ఇక్కడిది పోదు. ఒకటి తీసుకుంటే రెండోది ఇచ్చెయ్యాలన్నది మన 1955 చట్టం. అత్తారింటి వాళ్ళు ఎప్పుడైనా వెళ్ళి రమ్మంటుంటే, పుట్టింటి వాళ్ళే తాళంచెవి ఇచ్చేసి పో అన్నట్టుంటుంది నాకు. ఈ పోలిక మా ఆవిడ దగ్గర అనలేదు, పైన రాసిన జవాబే మళ్ళీ వస్తుంది.

ఓసీఐ ఇస్తారు, నిజమే. జీవితాంతం వచ్చిపోవచ్చు. ఓటుండదు, పొలం కొనడానికి వీల్లేదు. పేరులో సిటిజన్ అని ఉంది కాబట్టి పౌరసత్వమే అనుకునేవాళ్ళు మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా వీధిలోనే నలుగురున్నారు.

పాపని తొమ్మిదింటికి క్రికెట్‌లో దింపి లైబ్రరీకి వెళ్ళాను. శనివారాలు అక్కడ జేపీ కూర్చుంటారు. జేపీ అంటే మన గెజిటెడ్ ఆఫీసరు సంతకం లాంటిదే, కాకపోతే ఆఫీసరు కానక్కర్లేదు, ఊళ్ళో పెద్దమనిషి, పైసా తీసుకోడు. గెజిటెడ్ సంతకం కోసం ఇంటర్లో ఉండగా నేను వెటర్నరీ డాక్టరు గారి చుట్టూ రెండ్రోజులు తిరిగాను, ఇక్కడ క్యూలో నా ముందు ఇద్దరే.

ఈయనకి డెబ్బై దాటి ఉంటాయి. కాపీలు ఒక్కొక్కటీ ఒరిజినల్‌తో వేలు పెట్టి పోల్చి చూస్తూ, "ఇది ఇచ్చేస్తున్నావా?" అన్నాడు సింహాలది చూపించి. అవునన్నాను. ఆయనది ఇటలీలోని కలాబ్రియా అట, 1958లో తొమ్మిదేళ్ళప్పుడు అమ్మతో ఓడలో వచ్చాడు. వాళ్ళ నాన్న ఇక్కడి పౌరసత్వానికి సంతకం పెట్టిన రోజున ఇటలీది పోయింది, పిల్లలది కూడా కలిపి. "నన్నెవరూ అడగలేదు. నేను బడిలో ఉన్నాను, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆస్ట్రేలియన్‌ని" అన్నాడు.

నా వెనక ఎవరూ లేరు కాబట్టి కాసేపు మాట్లాడుకున్నాం. మాట ఎలాగూ క్రికెట్‌కే వస్తుందనుకున్నాను, వచ్చింది. 2023 నవంబరు 19, అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్, మనకీ ఆస్ట్రేలియాకీ. ఇక్కడ టైము రాత్రి రెండు దాటే దాకా కూర్చున్నాను, మన 240కి ట్రావిస్ హెడ్ ఒక్కడే 137 కొట్టాడు, ఆరు వికెట్లతో పోయింది. అప్పటికింకా నేను పీఆర్‌నే (శాశ్వత నివాసం ఉంది గానీ పౌరుణ్ణి కాదు), ఎవరి వైపా అనే ప్రశ్నే లేదు. సోమవారం డెరిమట్‌లో మా వేర్‌హౌస్‌కి వెళ్తే వెక్కిరిస్తారని సిద్ధపడి వెళ్ళాను, ఒక్కడూ ఏమీ అనలేదు, నా టేబుల్ మీద ఎవరో ఒక డోనట్ పెట్టి ఉంచారు. పరామర్శ అన్నమాట. ఎగతాళి చేసినా తట్టుకునేవాణ్ణి.

ఆయన నవ్వి, తనదీ రాత్రి మూడింటి కథే అన్నాడు. 2006 ప్రపంచకప్ ఫుట్‌బాల్, ఇటలీ మీద ఆస్ట్రేలియా. ఆట చివరి నిమిషంలో ఇటలీ ఆటగాడు గ్రోసో పడిపోవడం, పెనాల్టీ ఇవ్వడం, టొట్టి కొట్టడం, ఆస్ట్రేలియా ఇంటికి. ఆ మ్యాచ్‌కి ఆయన పచ్చ, పసుపు చొక్కా వేసుకున్నాడట, పక్కన వాళ్ళన్నయ్య ఇటలీ నీలం చొక్కా. "అది పెనాల్టీ కాదు, ఇప్పటికీ చెప్తాను. కానీ గ్రోసోని ఇటాలియన్‌లోనే తిట్టాను. ఇంగ్లీషులో తిడితే తిట్టినట్టుండదు."

ఇది మాత్రం అక్షరాలా నిజం. హైవే మీద ఎవడైనా ముందుకొచ్చి దూరితే నా నోట్లోంచి వచ్చేది రేపల్లె బస్టాండులో నేర్చుకున్న మాటే.

సంతకాలు పెట్టాక ముద్ర వేసి, పాస్‌పోర్టు రెండు చేతులతో తిరిగిచ్చాడు. అలా ఎందుకిచ్చాడో తెలీదు. అప్పటికి పదకొండున్నర, పోస్టాఫీసు పన్నెండుకి మూసేస్తారు, వెళ్ళొచ్చు. పాపని తీసుకురావాలి కదా అని గ్రౌండుకి పోయాను. ఆట ఇంకో గంట ఉంది. నాకు తెలుసు ఉందని.

అమ్మ ఒంటిగంటకి చేసింది, అక్కడ ఉదయం ఏడున్నర.

"ఏరా, తిన్నావా? ఓటర్ల లిస్టోళ్ళు వచ్చారు నిన్న. నీ పేరు అడిగితే ఉన్నాడు, ఫారిన్‌లో ఉన్నాడని చెప్పా."

"తీసెయ్యమని చెప్పమ్మా. నాకింక అక్కడ ఓటు లేదు."

"అక్కడుందా మరి?"

"ఉంది. ఇక్కడ వెయ్యకపోతే ఫైను. దేశం మొత్తానికి జరిగే ఎన్నికల్లో అయితే 20 డాలర్లు."

కాసేపు ఆగి, "ఓటు వేస్తే డబ్బులివ్వడం చూశాం గానీ, వెయ్యకపోతే డబ్బులు గుంజుకోవడం ఏంట్రా, అదేం దేశం!" అంది. నేను నవ్వితే తనూ నవ్వింది. అసలు నేను ఈ పౌరసత్వం తీసుకున్నది ఎక్కువగా ఆ ఓటు కోసమే అని అమ్మకి ఎలా చెప్పను. 2013లో వచ్చినప్పటి నుంచీ పన్ను కడుతున్నాను, పొద్దున రైల్లో ఊపిరాడక నిలబడి పోయేది మేము, రైళ్ళు పెంచాలా వద్దా అని ఓటేసేది ఇంకెవరో. పాపకి ఈ బెంగ లేదు. ఇక్కడ పుట్టి ఇక్కడే పెరిగితే పదో పుట్టినరోజున చట్టమే పౌరురాలిని చేసేస్తుంది. పరీక్ష లేదు, ప్రమాణం లేదు. కేకు కోశాం, అంతే.

"పొలం నీ పేర రాదా ఇంక?" అంది అమ్మ.

"వారసత్వంగా వస్తుందమ్మా. కొనకూడదంతే."

"కొనేదెవరిప్పుడు, ఉన్న ఎకరంన్నరే కౌలుకిచ్చాం." తర్వాత కొంచెం నెమ్మదిగా, "అయితే రావాలంటే వీసా తీసుకోవాలా?"

"ఓసీఐ వచ్చేదాకా తీసుకోవాలి."

"ఎన్నాళ్ళకిస్తారు వీసా?"

మామూలుగా అడిగినట్టే అడిగింది. నాలుగు శనివారాలు నేను తప్పించుకుంటున్నది ఈ ప్రశ్ననే అని అప్పుడు తెలిసింది. జెండాలూ క్రికెట్టూ ఏ మూల! అర్ధరాత్రి ఫోనొస్తే ఎన్ని గంటల్లో బయల్దేరగలను, అదీ నా టెన్షన్. నాన్న 2021 మే మొదటి వారంలో, కోవిడ్ రోజుల్లో పోయారు. అప్పుడు నా దగ్గర సింహాల పాస్‌పోర్టే ఉంది, వీసా అక్కర్లేదు, అయినా వెళ్ళలేకపోయాను. దేశం దాటాలంటే అనుమతి కావాలి, విమానాల్లేవు, పైగా సరిగ్గా ఆ రెండు వారాలూ ఇండియా నుంచి ఎవరొచ్చినా, ఆస్ట్రేలియా పౌరుడే అయినా సరే, అయిదేళ్ళ దాకా జైలు అని ఇక్కడి ప్రభుత్వం ఉత్తర్వు. మూడో తారీఖు నుంచి పదిహేను దాకా. ఫోన్లో చూశాను నాన్నని. బాబాయి కొడుకు చెయ్యి వణికి వీడియో అంతా కొబ్బరిచెట్లే కనిపించాయి. ఆ తర్వాత మూడేళ్ళ దాకా పౌరసత్వం ఫారం ముట్టుకోలేదు, కోపంతో. కోపం తగ్గాకే నింపాననుకోకండి. కోపం ఉంది. ఓటున్నవాడికి కోపంతో కనీసం ఏదో ఒక పని ఉంటుందని నింపాను.

"అర్జెంటైతే తొందరగానే ఇస్తారులే అమ్మా" అన్నాను. "నాకేం అర్జెంటు లేదులే" అంది.

మధ్యాహ్నం పాప హోంవర్క్ తెచ్చింది. స్కూలు వాళ్ళు ఇమిగ్రేషన్ మ్యూజియంకి తీసుకెళ్ళారట, డిక్టేషన్ టెస్ట్ గురించి పేజీ రాయాలి. 1901 చట్టం అది. తెల్లవాళ్ళు కానివాళ్ళని ఆపాలి, ఆ మాట చట్టంలో రాస్తే బాగుండదు, అందుకని ఓడ దిగేవాడికి ఏదో ఒక యూరోపియన్ భాషలో 50 పదాలు చెప్పి రాయమనేవాళ్ళు. వాడికి ఆ భాష వస్తే ఇంకో భాష. 1934లో ఎగాన్ కిష్ అనే జర్నలిస్టుని రాజకీయాలు నచ్చక ఆపాలనుకున్నారు, ఆయనకి చాలా భాషలొచ్చు, చివరికి స్కాట్లండ్ గేలిక్‌లో పెట్టారు. ఆ టెస్టు 1958 దాకా ఉంది.

"నాన్నా, నాకు తెలుగులో పెట్టు" అంది. ఉగాది పచ్చడి గురించి ఒక యాభై పదాలు చెప్పాను. వేపపువ్వుకి రెండు 'ప'లు పెట్టింది బానే ఉంది కానీ, 'ళ'లన్నీ 'ల'లయ్యాయి, బెల్లంలో ఒక 'ల' ఎగిరిపోయింది. పందొమ్మిది తప్పులు. "అయితే నన్ను ఓడ దిగనివ్వరా?" అంది. వేపపువ్వంటే ప్యాకెట్లో వచ్చే ఎండుపువ్వు అనుకుంటుంది అది, దాని తప్పేముంది. ఇక్కడ ఉగాదికి ఆకులు రాలుతుంటాయి, వసంతం సెప్టెంబర్లో.

దానికి నా టెస్టు గురించి చెప్పాను. పీఆర్‌కి పాయింట్లు తక్కువైతే సీసీఎల్ అని ఒక పరీక్ష ఉంటుంది, ఇంగ్లీషులో ఒకరు, మన భాషలో ఒకరు మాట్లాడుతుంటే ఇటుదటు, అటుదిటు చెప్పాలి. 90కి 63 వస్తే 5 పాయింట్లు. తెలుగుకి కూడా ఉంది. అమ్మభాషే కదా అని ధీమాగా మొదలుపెట్టి, మొదటి ప్రాక్టీసులోనే మార్ట్‌గేజ్ దగ్గర ఆగిపోయాను. రోజూ రాత్రి నాన్నకి ఫోన్ చేసి మాటలడిగేవాణ్ణి. "తనఖా అనరా. మన పొలం ఎన్నిసార్లు పెట్టాం, ఆ మాటెలా మర్చిపోయావు?" అన్నారు. పూచీకత్తు, వాయిదా, జామీను, అన్నీ ఆయనిచ్చినవే, అన్నీ అప్పుల మాటలే. 71 వచ్చాయి నాకు. ఆ అయిదు పాయింట్లే లేకపోతే ఆ ఏడాది నాకు పీఆర్ రాదు.

"అయితే తాతయ్య పాస్ అయ్యారన్నమాట" అంది పాప. అది కూడా హోంవర్క్‌లో రాసుకుంది, ఇంగ్లీషులో, తనఖా అన్న మాట మాత్రం తెలుగులో. 'ఖ' సరిగ్గానే పడింది.

రాత్రి అన్నాలయ్యాక కాపీలన్నీ వరస పెట్టి, పాస్‌పోర్టు ఒకసారి మొత్తం తిరగేశాను. చివరి పేజీలో నాన్న పేరు, అమ్మ పేరు, మా ఆవిడ పేరు, ఇంటి నంబరు, ఊరు, రేపల్లె మండలం, పిన్‌కోడు. రెన్యూవల్‌లో కూడా ఊరి అడ్రసే ఉంచాను. కొత్తది కూడా తిరగేశాను. అందులో ఇవేవీ లేవు, నా పేరు, పుట్టిన ఊరు, అంతే, ఎవరి కొడుకునో దానికి అక్కర్లేదు. క్యాన్సిల్ ముద్ర వేసి పాతది తిరిగి పంపిస్తారని తెలుసు, అయినా ఆ పేజీకి ఫోన్లో ఫోటో తీసుకున్నాను. మొదటిది కదిలింది, రెండోది తీశాను.

కవరు అంటించి బల్ల మీద పెట్టి, సోమవారం నాకు పొద్దున్నే షిఫ్టు, పోస్టాఫీసు టైముకి కుదరదేమో అన్నాను మా ఆవిడతో. తను కవరు చేతిలోకి తీసుకుని అడ్రసు సరిగ్గా ఉందో లేదో చూసి, "నాకు మధ్యాహ్నం డ్యూటీ. వెళ్తూ నేను ఇచ్చేస్తాలే" అని హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకుంది.