ఆ గ్లాసు ఎందుకు వేరు పెట్టారో చెప్పండి

నాది మల్టిపుల్ మైలోమా. ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్. ఇప్పుడు పరీక్షల్లో ఎం బ్యాండ్ (ఆ కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్ జాడ) కనబడటం లేదు, మందు మాత్రం నడుస్తూనే ఉంది.

మన ఇళ్లలో దీని పేరు ఎవరూ పలకరు. 'ఆ జబ్బు', 'రక్తం పాడైంది' అంటారు. ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే బయటికి పొక్కనివ్వరు. దగ్గరి బంధువుల్లో ముప్పు కాస్త ఎక్కువన్నది నిజమే, కానీ తాత నుంచి మనవరాలికి ఆస్తిలా దిగే జబ్బు కాదిది. "నాన్నకి చెప్పకండి సార్" అని కొడుకు డాక్టర్ని పక్కకి పిలిచి బతిమాలతాడు. క్యాన్సర్ విభాగం అన్న బోర్డు ఆ నాన్న వచ్చేటప్పుడే చదివేసి ఉంటాడు. దాచే బదులు డాక్టరు చేతే "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని ఆయన్నే అడిగించడం మేలు. కొందరు అంతా చెప్పమంటారు, కొందరు "మా అబ్బాయితో మాట్లాడండి" అంటారు. రెండూ సరైన జవాబులే.

ఇంట్లో నాకు వేరుగా పెట్టిన గ్లాసు సంగతికి వస్తాను. చికిత్సలో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు) 1000 కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. 500 కంటే తగ్గితే మామూలు జలుబు కూడా ఆసుపత్రి దాకా తీసుకెళ్లవచ్చు. ఒళ్లు 100.4 డిగ్రీలు కాలిందంటే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. అందుకే గ్లాసు వేరు, మాస్కు వేరు, జలుబున్నవాళ్లు దూరం. ఇదంతా ఇంట్లోవాళ్ల నుంచి నన్ను కాపాడటానికి. చూసేవాళ్లకి తిరగేసి కనబడుతుంది: అంటుకుంటుందని వెలేశారనుకుంటారు. క్యాన్సర్ అంటదు. కంచం వల్లా అంటదు, ముద్దు వల్లా అంటదు. పరామర్శకి వచ్చినవాళ్లకి గుమ్మంలోనే "మన దగ్గు ఆయనకి అంటకూడదండీ" అని ఒక్క మాట చెబితే చాలు, అర్థం మారిపోతుంది. స్టీలు గ్లాసు మీద పేరు చెక్కించుకోవడం మనకి కొత్తేమీ కాదు. పేరున్న గ్లాసు ఎవరిదో చెబుతుంది, పేరులేని పాత గ్లాసు మాత్రం మనిషిని పక్కన పెట్టినట్టుంటుంది.

జ్వరం, దగ్గు, ఆటలమ్మ లేని పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కుని ఒళ్లో కూర్చోవచ్చు. పెద్దవాళ్లు ఈ స్పర్శనే ముందు వదిలేసుకుంటారు, ఎవరూ వద్దనకముందే.

నిజంగా దూరం పాటించాల్సిన చోటు ఒకటుంది. నేను వేసుకునే మైలోమా మందు లెనాలిడోమైడ్ క్యాప్సూల్ థాలిడోమైడ్ కుటుంబానిది, కడుపులో బిడ్డకి హాని. గర్భిణి దాన్ని ముట్టుకోకూడదు, ఎవరూ విప్పి పొడి కలపకూడదు. కాబట్టి డబ్బా నా దగ్గరే, మింగేది నేనే. కోడలు అన్నం వడ్డించకూడదని దీనర్థం కాదు. కీమో అయిన రెండు రోజులు వాంతి, మూత్రం శుభ్రం చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి.

ఇక మనసు. అందులో సగం, చికిత్సలో ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర డెక్సామెథసోన్ ఆడించే ఆట. వారానికోసారి 40 మిల్లీగ్రాములు, 75 దాటినవాళ్లకి సాధారణంగా 20. నాలుగు మిల్లీగ్రాముల మాత్రలైతే ఒకేసారి పది. ఇన్నా అని భయపడి రోజుకొకటి చొప్పున పంచి ఇస్తారు కొందరు, అది తప్పు. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాలి, సాయంత్రం వేసుకుంటే రాత్రంతా జాగారమే. మొదటి రెండు రోజులు మాటలు ఎక్కువ, చిరాకు, మొహం ఎర్రబడటం, మధ్యాహ్నం తర్వాత షుగరు ఎక్కడం. మూడో రోజో నాలుగో రోజో గాలి తీసేసినట్టు నీరసం, ఊరికే కళ్లనీళ్లు. గోడ క్యాలెండరులో మాత్ర రోజుకి ఒక చుక్క, ఏడుపొచ్చిన రోజుకి ఒక గీత పెట్టండి. రెండు నెలల్లో వరస కనబడుతుంది, డాక్టరుకి చూపిస్తే మోతాదు సర్దే వీలుంటుంది.

ముసలాయన తికమకపడుతూ మలబద్ధకం, దాహం, మగత అంటుంటే చాదస్తం అని కొట్టిపారేయకండి. ఎముకలు అరిగి రక్తంలో కాల్షియం పెరిగితే సరిగ్గా ఇలాగే ఉంటుంది, అది అత్యవసరం. లెనాలిడోమైడ్ వల్ల థైరాయిడ్ తగ్గినా దిగులు వస్తుంది, అది తెలుసుకోవడానికి టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా రెండు వారాలుగా దిగులు వదలకపోతే అది డిప్రెషనే కావచ్చు. నిద్ర, ఆకలి, నీరసం చూసి తేల్చలేం, అవి జబ్బుకీ ఉంటాయి. వేరేవి చూడాలి: రోజూ తప్పకుండా చూసే వార్తలు మానేయడం, ఫోన్ ఎత్తకపోవడం, ఇంజెక్షన్ రోజు ఏదో వంక పెట్టడం, "మీకు భారమయ్యాను" అని పదే పదే అనడం. ఈ ఆఖరి మాటకి "అలా అనకు నాన్నా" అంటే మాట అక్కడే ఆగిపోతుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రల డబ్బాలు మీ దగ్గర పెట్టుకుని అదే రోజు డాక్టరుకి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు అక్కర్లేదు. సైకియాట్రిస్ట్ మందు రాస్తే ఆ చీటీ క్యాన్సర్ డాక్టరుకీ, క్యాన్సర్ డాక్టరు చీటీ సైకియాట్రిస్ట్‌కీ చూపించాలి.

పరామర్శకి వచ్చేవాళ్లు "ఎన్నాళ్లన్నారు?" అని అడుగుతారు. మేము క్యాలెండరు చూపించి, వచ్చే ఇంజెక్షన్ తారీఖు చెబుతాం.