మా చుక్క గిన్నెలోకి పచ్చి మాంసం చేరే దారి

2023 మే నెలలో మేనమామగారి అమ్మాయి పెళ్ళికి ఏలూరు వెళ్ళి, మూడో రోజు సాయంత్రం విజయవాడలోని మా ఫ్లాటుకు తిరిగి వచ్చాము. మేము లేని ఆ రోజుల్లో మా పిల్లి చుక్కకు పక్కింటి పిన్నిగారు పొడి మేత పెట్టి, నీళ్ళు మార్చి చూసుకున్నారు. ఆ రాత్రి అలవాటు ప్రకారం ఫ్రీజరులోంచి కోడిమాంసం డబ్బా ఒకటి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టి, మర్నాడు ఉదయం దాని గిన్నెలో వేశాను. తీసినప్పుడు మాంసం రాయిలా గట్టిగానే ఉంది, వాసనలో తేడా కూడా తెలియలేదు. డబ్బా అడుగున గులాబీ రంగు మంచు పలకలా పేరుకుని ఉండటం కంటపడింది కాని, దాని అర్థమేమిటో నాకు అప్పుడు తట్టలేదు. చీకటి పడేసరికి చుక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

డాక్టరుగారు చర్మం కింద సెలైను ఎక్కించి మందులిచ్చారు. మూడు రోజులకు అది మళ్ళీ కిటికీ ఎక్కి కూర్చునే స్థితికి వచ్చింది. పరీక్షలేవీ చేయించలేదు కనుక మాంసమే కారణమని ప్రమాణం చేసి చెప్పలేను. అయితే ఆయన అడిగిన మొదటి ప్రశ్నకే నా గుండె జారిపోయింది: "మీరు ఊళ్ళో లేనప్పుడు కరెంటు ఎంతసేపు పోయిందమ్మా?" ఇంటికి వచ్చి వాచ్‌మన్‌ను అడిగితే, ఈదురుగాలికి ట్రాన్స్‌ఫార్మరు పాడై ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా కరెంటు లేదని చెప్పాడు. తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగం ఖాళీగా ఉన్నది సుమారు 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. కింది ఫ్రిజ్ అయితే నాలుగు గంటలే. మాది సగం ఖాళీగా ఉన్న ఫ్రీజరు, పైగా విజయవాడ మే నెల ఎండ. మాంసం కరిగి, దాని రసం అడుగుకు దిగి, కరెంటు వచ్చాక అంతా కలిసి మళ్ళీ గడ్డకట్టింది. ఆ గులాబీ పలక చెప్పిన సంగతి అదే.

అప్పటి నుంచి మా ఫ్రీజరులో ఒక చిన్న స్టీలు గ్లాసు ఉంటుంది. అందులో నీళ్ళు పోసి గడ్డకట్టించి, ఆ మంచు మీద రూపాయి బిళ్ళ ఒకటి పెట్టాము. ఊరి నుంచి రాగానే ముందు ఆ గ్లాసునే చూస్తాను. బిళ్ళ పైనే ఉంటే మాంసానికి ఢోకా లేదు. మంచు మధ్యలోకి దిగినా, అడుగున కనిపించినా, మాంసం చూడటానికి ఎంత బాగున్నా, ఎంత డబ్బు పోసి కొన్నా పారవేయవలసిందే. మా అమ్మకు మొదట్లో ఇది దుబారాగా తోచింది. కాని ఒక రాత్రంతా చుక్క పక్కన గోనెసంచి పరిచి కూర్చున్నది తనే కనుక, ఇప్పుడు బిళ్ళ కాస్త ఒరిగినా "అమ్మాయ్, ఆ డబ్బా తీసెయ్" అని ముందుగా హెచ్చరించేది కూడా తనే.

అసలు పచ్చి మాంసం ఎందుకు మొదలుపెట్టామో చెప్పాలి. చుక్క నీళ్ళు సరిగా తాగేది కాదు, మలబద్ధకంతో బాధపడేది. పచ్చి కోడిమాంసం బరువులో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా నీరే ఉంటుంది. ఆ తిండికి మారాక దాని కష్టం తగ్గింది. దీనిని అందరికీ సిఫారసుగా చెప్పడం లేదు. పిల్లులకు, కుక్కలకు పచ్చి మాంసం పెట్టడాన్ని ప్రోత్సహించవద్దని అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే విధానంగా ప్రకటించింది. మా డాక్టరుగారిదీ ఇంచుమించు అదే అభిప్రాయం. "పెట్టి తీరుతాననుకుంటే శుభ్రంగా పెట్టండి, శుభ్రంగా పెట్టే ఓపిక లేకపోతే ఉడికించి పెట్టండి" అని ఆయన అన్న మాటను నేను అక్షరాలా పట్టుకున్నాను.

శుభ్రత దుకాణం దగ్గరే మొదలవుతుంది. మన ఊళ్ళలో కళ్ళముందే కోసి ఇచ్చిన కోడి కనుక అంతకన్నా తాజాది ఉండదని నమ్ముతాము. తాజాదే, కాని అది వేడిగా ఉంటుంది. రెండు కిలోల మాంసాన్ని నల్ల కవరులో కట్టించుకుని, కూరగాయల బజారు చుట్టి, గంట తరువాత ఇంటికి తెస్తే ఆ కవరు లోపల సూక్ష్మక్రిములు పెరగడానికి కావలసిన వెచ్చదనం, తడి రెండూ అమరుతాయి. సుమారు 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న ఉష్ణోగ్రతలో అవి వేగంగా పెరుగుతాయి. మాంసం ఆ స్థితిలో రెండు గంటలకు మించి ఉండకూడదని, బయట 32 డిగ్రీలు దాటితే గంటకు మించకూడదని ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. మనకు ఏడాదిలో ఎన్ని నెలలు 32 దాటకుండా ఉంటుంది? అందుకే మాంసం కొనడాన్ని చివరి పనిగా పెట్టుకుని, ఐస్ ప్యాకులు వేసిన సంచితో ఉదయం ఏడింటికల్లా వెళతాను. ఆ వేళకు దుకాణంలో చెక్క మొద్దు అప్పుడే కడిగి ఉంటుంది. "బాబాయ్, కీమా వద్దు, కండ విడిగా, కార్జం విడిగా ఇవ్వండి" అంటే ఆయనకు అర్థమైపోతుంది. కీమా ఎందుకు వద్దంటానంటే, ముక్క పైభాగాన ఉండే క్రిములు కీమా కొట్టినప్పుడు లోపలంతా కలిసిపోతాయి, పైగా ఆ యంత్రంలో అంతకుముందు ఏమి వేశారో మనకు తెలియదు.

ఇంటికి తెచ్చాక మా పద్ధతికీ అమ్మ పద్ధతికీ కొంత కాలం పొసగలేదు. కూర వండేటప్పుడు ఉప్పు, పసుపు వేసి పిసికి మూడు నాలుగు నీళ్ళు మార్చి కడగడం మనందరి అలవాటు. నీచు వాసన పోతుంది నిజమే, కాని క్రిములు పోవు. కుళాయి కింద కడిగినప్పుడు కంటికి కనబడని తుంపర్లు సింకు గట్టు మీద, పక్కన బోర్లించిన గ్లాసుల మీద పడతాయి. కూర అయితే ఎలాగూ మంట మీద ఉడుకుతుంది. గట్టు మీద గ్లాసులు ఉడకవు కదా. కాబట్టి చుక్క మాంసాన్ని కడగకుండా, శుభ్రమైన గుడ్డతో అద్ది కోస్తాను. దానికి విడిగా ఒక చాకు, ఒక ప్లాస్టిక్ పలక ఉన్నాయి. ఉల్లిపాయలు, వెల్లుల్లి కోసే పీట ఆ మాంసానికి తగలనివ్వను. అవి రెండూ పిల్లుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎంగిలి, అంటు పాటించడంలో మా అమ్మకు ఉన్న పట్టుదల ఇక్కడ నాకు ఎంతో అక్కరకు వచ్చింది. మాంసం ముట్టిన చేత్తో ఉప్పు డబ్బా మూత తీయకూడదని, ఫ్రిజ్ తలుపు పట్టుకోకూడదని నేను చెప్పక ముందే తను పాటించేది.

దాచే పద్ధతిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి మందం. రెండు కిలోలను ఒకే ముద్దగా డబ్బాలో కుక్కితే పైపైన గడ్డకట్టినా, నడుమ భాగం గంటల తరబడి వెచ్చగానే ఉండిపోతుంది. పెళ్ళి నాటి డబ్బాలు అలాంటివే. ఇప్పుడు ఒక్క రోజుకు సరిపోయే మాంసాన్ని, అంటే మా నాలుగు కిలోల చుక్కకు సుమారు 130 గ్రాములను, చిన్న జిప్ కవరులో వేసి, గాలి పోయేలా అరచేత్తో నొక్కి, అట్టులా పల్చగా పరిచి, కొన్న తేదీ రాసి ఒక స్టీలు పళ్ళెం మీద ఒకటికొకటి తగలకుండా పేరుస్తాను. గడ్డకట్టాక పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. ఫ్రీజరులో చిన్న ఉష్ణమాపకం కూడా పెట్టాను. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో అది వేసవి మధ్యాహ్నం మైనస్ 9 చూపించినప్పుడు, కావలసినది మైనస్ 18 కనుక, దానిని పిల్లి మాంసానికి వాడటం మాని చిన్న డీప్ ఫ్రీజరు కొన్నాము.

గడ్డకట్టిస్తే క్రిములు చచ్చిపోతాయని చాలామంది నమ్ముతారు, నేనూ నమ్మాను. సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఆ చలిలో పెరగడం ఆగిపోతుందే తప్ప నశించదు; కరగగానే ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలవుతుంది. చలి వల్ల నిజంగా మేలు జరిగేది టాక్సోప్లాస్మా వంటి పరాన్నజీవుల విషయంలో. మైనస్ 18 డిగ్రీలలో కొన్ని రోజులు ఉంచితే మాంసంలోని వాటి తిత్తులు చాలావరకు చనిపోతాయి. అందుకే మా ఇంట్లో మేకమాంసం కనీసం వారం రోజులు గడ్డకట్టి ఉంటే తప్ప గిన్నెలోకి రాదు.

కరిగించడం ఎప్పుడూ ఫ్రిజ్ కింది అరలోనే, అంచు ఉన్న గిన్నెలో పెట్టి, రాత్రి నుంచి ఉదయానికి. గట్టు మీద వదిలేస్తే పైభాగం వెచ్చబడి లోపల ఇంకా మంచుగానే ఉంటుంది. కరిగినదాన్ని మర్నాటికి మించి ఉంచను, మళ్ళీ గడ్డకట్టించను. పిల్లులు చల్లని తిండిని ఇష్టపడవు కనుక ఆ పూట మాంసం ఉన్న చిన్న కవరును గోరువెచ్చని నీళ్ళలో నాలుగైదు నిమిషాలు ముంచుతాను. మైక్రోవేవ్‌లో పెడితే ఒక పక్క ఉడికి ఒక పక్క పచ్చిగా ఉంటుంది. ఎముక ఉన్న ముక్కయితే ఆ ఉడికిన ఎముక పెళుసుబారి గొంతులోనో పేగులోనో గుచ్చుకునే ప్రమాదం ఉంది.

వడ్డించేది స్టీలు గిన్నెలో. ప్లాస్టిక్ గిన్నెకు పడే గీతల్లో జిడ్డు దాక్కుంటుంది. చుక్క ముందు వాసన చూస్తుంది, తల పక్కకు తిప్పి ముక్కను దవడ పళ్ళతో పట్టుకుంటుంది, ఒక్కోసారి దానిని గిన్నెలోంచి తీసి చాప మీదకు లాక్కుపోతుంది. ఆ లాక్కుపోవడమే మాకు పెద్ద సమస్య అయింది, ఎందుకంటే మా అన్నయ్య కూతురు అప్పట్లో ఆ చాప మీదే పాకేది. అందువల్ల తిండి బాల్కనీలో, తలుపు వేసి, టైల్స్ నేల మీద పెట్టడం అలవాటు చేశాము. ఇరవై నిమిషాల్లో తిన్నది తిన్నట్టు, మిగిలినది చెత్తబుట్టకు. గిన్నెను వేడినీళ్ళు, సబ్బుతో విడిగా తోమి, ఎండలో బోర్లించి, నేలను కూడా తుడుస్తాను. తిన్న వెంటనే చుక్క వచ్చి పాప చేతులు నాకకుండా చూసుకోవడం ఇంకా కష్టమైన పని. పిల్లికి ఏ జబ్బూ పైకి కనబడకపోయినా దాని మలంలో సాల్మొనెల్లా వెలువడవచ్చు కనుక ఇసుక తొట్టెను ప్రతిరోజూ శుభ్రం చేస్తాము. టాక్సోప్లాస్మా గుడ్లు మలంతో బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, కాబట్టి రోజువారీ శుభ్రతలో అర్థం ఉంది. వదిన రెండోసారి గర్భవతిగా ఉన్నప్పుడు ఆ తొట్టె దగ్గరికి తనను వెళ్ళనివ్వలేదు. పచ్చి మాంసం కూడా ఆ నెలలన్నీ మానేశాము.

మాంసం శుభ్రంగా ఉన్నంత మాత్రాన అది పూర్తి ఆహారం కాదని కూడా చెప్పాలి. ఎముక లేని కండ ఒక్కటే పెడుతూ పోతే కాల్షియం చాలక పిల్లి ఎముకలు గుల్లబారతాయి. కార్జం ఇష్టంగా తింటుంది కదా అని రోజూ పెడితే విటమిన్ ఏ ఎక్కువై కీళ్ళు బిగుసుకుపోతాయి. టారిన్ అనే పదార్థం లోపిస్తే పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికా పరిశోధకులు చూపించారు. గుండెకాయలో, కోడి తొడ కండలో టారిన్ బాగా ఉంటుంది. కాల్షియం, ఇతర పోషకాలకు డాక్టరుగారు రాసిచ్చిన పొడిని కొలిచి కలుపుతాను.

ఇక కోడిమాంసం సంగతి. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు ప్రాంతాల కోళ్ళలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు నేను ఆ వార్తను పిల్లి ఉన్న మనిషిగా చదివాను. ఇంచుమించు అదే కాలంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకినట్లు తేలింది. అంతకుముందు 2024 డిసెంబరులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, గడ్డకట్టించి అమ్మిన పచ్చి టర్కీ మాంసం తిన్న ఇంటి పిల్లి అదే వైరస్‌తో చనిపోయింది. అంటే ఫ్రీజరు ఆ వైరస్‌ను ఏమీ చేయలేదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి బర్డ్ ఫ్లూతో కన్నుమూసిందని, పాప పచ్చి కోడిముక్క తిన్నట్లు ఇంటివారు చెప్పారని చదివాక మా ఇంట్లో ఇక చర్చ జరగలేదు. ఆనాటి నుంచి కోడిమాంసం చుక్కకు ఉడికించే పెడుతున్నాము. లోపలి భాగం 74 డిగ్రీలు చేరితే ఆ వైరస్ గాని సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా గాని మిగలవు. తక్కువ నీళ్ళలో, ఉప్పూకారాలు లేకుండా ఉడికించి, టారిన్ ఆ నీళ్ళలోకి దిగుతుంది కనుక ఆ రసాన్ని కూడా పోసి పెడతాను. దానివల్ల నీరు తక్కువ కావడమన్న పాత బాధ కూడా తిరిగి రాలేదు. పచ్చిగా పెట్టేది వారానికి రెండుసార్లు, గడ్డకట్టించిన మేకమాంసం మాత్రమే. కూన పిల్లికో, ముసలి పిల్లికో, జబ్బుతో ఉన్న పిల్లికో అయితే ఆ రెండుసార్లు కూడా పెట్టను.

ఊరు వెళ్ళేటప్పుడు పచ్చి మాంసం బాధ్యత పక్కింటి పిన్నిగారి మీద ఇప్పటికీ పెట్టను. ఆవిడకు చుక్క అంటే ప్రాణం, కాని ఇన్ని జాగ్రత్తలు మరొకరి చేత చేయించడం న్యాయం కాదు. పొడి మేత డబ్బా, కొలత గిన్నె, డాక్టరుగారి ఫోన్ నంబరు ఇచ్చి, ఫ్రీజరు తలుపు మాత్రం తీయవద్దని చెప్పి వెళతాము.